వేలిముద్ర వేయుటకు పూర్వము
(భూమి కాగితములను గూర్చి రైతులు తెలిసికొనదగిన న్యాయవిషయములు)



మేము వ్యవసాయ ప్రదర్శకులమేగాని న్యాయవాదులము కాము. విత్తనము, ఎరువు, చీడ, పీడ, ఇవియే మా పని. అయినను ఈ మాసము పైరుల సంగతి విడిచి కాగితముల సంగతి వ్రాయుటకు కారణము కలదు.

డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవల, మూడు వైపుల కొండలును నాలుగవ వైపున బంగాళాఖాతమును గల యారాడ గ్రామమునకు మేము కొబ్బరిచెట్ల కొమ్ముపురుగును గూర్చి చెప్పుటకు వెళ్ళియుంటిమి. చెప్పవలసినది చెప్పి లేచునప్పటికి ఒక వృద్ధరైతు గుడ్డసంచి యొకటి తెచ్చి మా యెదుట విప్పెను. అందులో తండ్రి పేరిటి డి-పట్టా యొకటి, తెల్లకాగితముపై వ్రాసిన క్రయచీటి యొకటి, పట్టాదారు పాసుపుస్తకము, శిస్తు రసీదులు, అంచులు చినిగిన ప్రోనోటు ఒకటి యుండెను. "బాబూ, ఇన్ని కాగితములున్నవి గదా, వీనిలో నా భూమి యేది?" అని ఆయన అడిగెను. ఆ ప్రశ్నకు ఆనాడు మేము సగమే సమాధానము చెప్పగలిగితిమి. తెలిసినవారి నడిగి, చట్టములు చదివి, మిగిలిన సగము నిచ్చట వ్రాయుచున్నాము. అట్టి సంచి ప్రతి ఇంటను నున్నదని మా కెఱుకయే.

1. పాసుపుస్తకమును, దస్తావేజును

మొదట తెలిసికొనవలసినది యేమనగా, పాసుపుస్తకము, అడంగలు, 1-బి, శిస్తు రసీదు, ఇవి రెవిన్యూ లెక్కలు. భూమి యెవరి పేర నున్నదో, ఎవరు సాగు చేయుచున్నారో ఇవి చూపును. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టము ప్రకారము ఈ లెక్కలోని వ్రాత, తప్పని రుజువగు వఱకు సరియైనదిగా నెంచబడును. అంతియేగాని ఆ వ్రాతయే స్వామ్యమును పుట్టింపజాలదు. స్వామ్యము పుట్టునది క్రయము, దానము, పంపకము, వారసత్వము మొదలగు వానివలన. కావున దస్తావేజు లేని పాసుపుస్తకము వేరు లేని చెట్టు వంటిది. పాసుపుస్తకము లేని దస్తావేజు కంచె లేని తోట వంటిది. రెండును కావలెను. భూమిపై క్రొత్తగా హక్కు వచ్చినవారు 90 దినములలోగా ఆ సంగతి రెవిన్యూ అధికారులకు తెలిపి తమ పేరు ఎక్కించుకొనవలెనని అదే చట్టము చెప్పుచున్నది.

2. తెల్లకాగితపు క్రయము

నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి క్రయము రిజిస్టరు దస్తావేజు ద్వారా జరుగనిచో చెల్లదు. ఇది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమును చెప్పుమాట. నేడు నూరు రూపాయలకు వచ్చు భూమి యెచ్చటను లేదు గనుక, ప్రతి క్రయమునకును రిజిస్ట్రేషను తప్పదని గ్రహింపుడు. సంతకము చేసిన దినము మొదలు 4 మాసములలోగా దస్తావేజును సబ్ రిజిస్ట్రారు కచ్చేరీలో దాఖలు చేయవలెను. తప్పించుకొనరాని కారణమున ఆలస్యమైనచో మఱి 4 మాసముల వఱకు జుల్మానాతో అనుమతి దొరకవచ్చును. ఆ పిమ్మట దారి లేదు.

కొందఱు క్రయదస్తావేజునకు బదులుగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించుకొని భూమి కొన్నామని తలంతురు. అట్టి పత్రముచే స్వామ్యము రాదని సుప్రీము కోర్టు 2011 అక్టోబరులో స్పష్టముగా తీర్పు చెప్పినది. క్రయపు ఒప్పందము వ్రాసికొన్నవారు, దానిని అమలు చేయింపుమని దావా వేయుటకు సామాన్యముగా 3 సంవత్సరములే గడువని మఱువరాదు. కొనుటకు పూర్వము ఈ.సీ. తీసి చూచినచో, ఆ భూమిపై రిజిస్టరైన తనఖా గాని వేఱొక క్రయము గాని యున్నదో లేదో తెలియును.

3. డి-పట్టా భూములు

భూమి లేని పేదలకు ప్రభుత్వ మిచ్చిన భూమిని అమ్ముటను, కొనుటను 1977 నాటి 9వ చట్టము నిషేధించినది. అట్టి భూమిని కొన్నవారికి హక్కు రాదు సరికదా, ప్రభుత్వము దానిని తిరిగి స్వాధీనము చేసికొనవచ్చును. 2023లో ఈ చట్టమునకు సవరణ వచ్చి, పట్టా పొంది 20 సంవత్సరములు గడచిన మూలపట్టాదారులకు పూర్తిహక్కు కలుగు మార్గ మేర్పడినది. కాని 2024లో ప్రభుత్వము మాఱిన పిదప అట్టి భూముల రిజిస్ట్రేషనులను నిలిపి విచారణ జరిపించిరి. కావున "ఇది విడుదలయిన భూమియే" యని దళారి చెప్పుమాట విని బయానా ఇయ్యకుడు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ విభాగము క్రింది నిషిద్ధ భూముల జాబితాలో ఆ సర్వే నంబరున్నదో లేదో ముందు విచారింపుడు.

4. ఆడబిడ్డల భాగము

ఈ విషయమున మన రాష్ట్రము దేశమునకు దారి చూపినది. కుమార్తెకు కుమారునితో సమానముగా ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతోనే హక్కు కలదని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చట్టము చేసి, 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి అమలునకు తెచ్చినది. ఆ తేదీకి ముందే వివాహమైన వారికి మాత్రము ఆ చట్టము వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టమే మాఱి, వివాహిత, అవివాహిత అను భేదము లేకుండ హిందూ కుమార్తెల కందఱకును ఆ హక్కు నిచ్చినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలెనా యను సందేహమును 2020 ఆగష్టు 11న సుప్రీము కోర్టు తీర్చి, అక్కఱలేదని చెప్పినది. 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిస్టరు పత్రముచే గాని కోర్టు డిక్రీచే గాని జరిగిన పంపకములు మాత్రము చెదరవు. నోటిమాటగా పంచుకొంటిమని చెప్పిన చాలదు. దానికి బలమైన సర్కారు లెక్కల సాక్ష్యము కావలెను.

క్రైస్తవ కుటుంబములకు 1925 నాటి వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేనిచో తండ్రి ఆస్తిలో భార్యకు మూడవ వంతు పోగా, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమభాగము.

చెల్లెలు చీరె సారె పుచ్చుకొని సంతోషముగా పోయినదిగదా, ఇక భాగ మేమని తలంచువారు మనలో నున్నారు. ఆమె తన భాగమును వదలుకొనదలచినచో, ఆ వదలుకొనుట రిజిస్టరు పత్రముగా నుండవలెను. లేనియెడల ఆమె హక్కు నిలిచియే యుండును. ఆమెను దాచి అమ్మిన భూమి కొన్నవానికిని, అమ్మినవానికిని తగవే మిగుల్చును.

5. ప్రభుత్వము భూమిని తీసికొనునప్పుడు

విశాఖ ప్రాంతపు రైతునకు ఈ విషయ మన్నిటికంటె ముఖ్యము. 1933లో ఓడరేవు తెఱవబడినది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 2009లో గంగవరపు రేవు పని ప్రారంభించినది. వీనివలన దేశమునకు మేలు కలిగినది నిజమే. అయినను ఒక్కొక్క పర్యాయము ఊళ్ళు కదలినవి, పొలములు పోయినవి.

సంచి తెచ్చిన వృద్ధుని యన్నగారి భూమి కూడ పూర్వ మొకప్పు డిట్లే పోయెను. సొమ్ము పంచిన దినమున ఆయన వరుసలో నిలిచి, చూపిన చోట వేలిముద్ర వేసి, ఇచ్చినది పుచ్చుకొని యింటికి వచ్చెను. పొరుగువారు కొందఱు మాత్రము "అభ్యంతరముతో పుచ్చుకొంటిని" అను మాట వ్రాసి సంతకము చేసి, తరువాత కోర్టుకు పోయి హెచ్చు ధర పొందిరి. అన్నగారికి ఆ దారి మూసికొనిపోయెను. ఒక్కమాట లోపించిన కతన ఒక కుటుంబము నష్టపడినది.

ఆనాడు అమలులో నున్నది 1894 నాటి చట్టము. అందు భూమి విలువపై నూటికి 15 చొప్పున ఓదార్పు సొమ్ము ఇచ్చెడివారు. 1984లో అది 30 అయ్యెను. 2014 జనవరి 1 నుండి ఆ చట్టము పోయి, 2013 నాటి క్రొత్త భూసేకరణ చట్టము వచ్చినది. దీనిలో ఓదార్పు సొమ్ము నూటికి 100.

ఉదాహరణముగా లెక్క చూడుడు. భూమి విలువ 10 లక్షలు, దానిపై చెట్లు, బావి మొదలగువాని విలువ 2 లక్షలు అని నిర్ణయించిరనుకొందము. మొత్తము 12 లక్షలకు మఱి 12 లక్షలు ఓదార్పు సొమ్ము చేరి 24 లక్షలగును. ఇదిగాక భూమి విలువపై సంవత్సరమునకు నూటికి 12 చొప్పున, ప్రకటన నాటినుండి తీర్పు నాటి వఱకో స్వాధీనము నాటి వఱకో, ఏది ముందైన దాని వఱకు, అదనపు సొమ్ము కలదు. ఒక సంవత్సరమైనచో అది 1,20,000 రూపాయలు. గ్రామప్రాంతములలో భూమి విలువను 1 మొదలు 2 వఱకు ప్రభుత్వము నిర్ణయించిన అంకెచే హెచ్చించుట కూడ కలదు.

చెట్ల విలువ యన్నచోట మా వృత్తి మాట యొకటి చెప్పవలెను. కొబ్బరి, జీడిమామిడి తోటలకు చెట్ల సంఖ్య, వయస్సు, కాపు చూచి విలువ కట్టుదురు. అడంగలులో మీ తోట బీడని వ్రాసియుండినచో ఆనాడు మీ మాట యెవరు విందురు? కావున ప్రతి సంవత్సరము ఈ-పంట నమోదు చేయించుకొని, అడంగలు నకలు తీసి, చెట్ల లెక్క వ్రాసి యుంచుకొనుడు. గాలివానలో పంట పోయినప్పుడును ఈ వ్రాతయే మీకు అండ.

గడువులు గుర్తుంచుకొనుడు. మొదటి ప్రకటన వెలువడిన 60 దినములలోగా అభ్యంతరములు వ్రాతమూలకముగా కలెక్టరున కీయవలెను. సామాజిక ప్రభావ విచారణ యను నది చట్టములో నున్నను, 2018 నాటి రాష్ట్రసవరణచే కొన్ని రకముల నిర్మాణములకు మినహాయింపు కలిగినది. అవార్డు చెప్పినప్పుడు మీరు హాజరైయున్నచో 6 వారములలోగా, ధర చాలదని పై విచారణకు అర్జీ పెట్టుకొనవలెను. హాజరుకానివారికి, నోటీసు అందిన 6 వారములు గాని అవార్డు తేదీనుండి 6 మాసములు గాని, ఏది ముందైన అది. సొమ్ము పుచ్చుకొనవచ్చును, కాని రసీదుపై "అభ్యంతరముతో పుచ్చుకొంటిని" అని వ్రాయుట మఱువకుడు.

అర్జీ పెట్టనివారికిని ఒక మార్గము కలదు. అదే ప్రకటన క్రింద పోయిన పొరుగువాని భూమికి హెచ్చు ధర నిర్ణయమైనచో, ఆ తీర్పు తేదీనుండి 3 మాసములలోగా తమకును అట్లే యిప్పింపుమని కలెక్టరునకు దరఖాస్తు చేయవచ్చును. ఇది తెలియక నష్టపడినవారు పెక్కుమంది.

6. ప్రోనోటు

ప్రోనోటు కాలపరిమితి 3 సంవత్సరములు. గడువు లోపల కొంత చెల్లించి ఆ చెల్లు చేవ్రాతతో వేసినను, ఋణ మున్నదని వ్రాసి సంతకము చేసినను, అప్పటినుండి మరల 3 సంవత్సరములు లెక్క. అప్పిచ్చినవాడును, తీసికొన్నవాడును ఈ లెక్క నెఱుగవలెను. అన్నిటికంటె ప్రమాదకరమైనది స్టాంపు అంటించిన ఖాళీ కాగితముపై సంతకము చేయుట. ఆ ఖాళీని నింపుటకు పుచ్చుకొన్నవానికి మీరే అధికార మిచ్చినట్లు 1881 నాటి చట్టము భావించును. సంఘములో తీసికొన్న అప్పునకైనను అంకె, వడ్డీ, తేదీ నింపిన పిమ్మటనే సంతకము చేయుడు. చెల్లించినప్పు డెల్ల రసీదు అడుగుడు.

7. ఇటీవలి వార్తలు

భూస్వామ్యపు తగవులను మొదట ప్రత్యేకాధికారులే తీర్చునట్లు చేసిన రాష్ట్ర భూహక్కు చట్టము 2023 అక్టోబరు 31న అమలునకు వచ్చి, న్యాయవాదుల నుండియు ప్రజల నుండియు తీవ్రమైన ప్రతిఘటన నెదుర్కొన్నది. 2024 జులైలో శాసనసభ దానిని రద్దుచేసినది. కావున భూస్వామ్యపు తగవులు పూర్వమువలెనే సివిలు కోర్టులలో తీరును. 2020 డిసెంబరులో ప్రారంభమైన రీసర్వే జరిగిన గ్రామముల వారు తమ క్రొత్త నంబరును, విస్తీర్ణమును పాత లెక్కతో సరిచూచుకొనవలెను.

2024 జులై 1 నుండి పాత నేరచట్టముల స్థానమున క్రొత్తవి వచ్చినవి. ఏ ఠాణాకు పోయినను, నేరము తమ సరిహద్దులో జరుగలేదని చెప్పి ఫిర్యాదును నిరాకరింపరాదు. ఫిర్యాదు నకలు మీకు ఉచితముగా నీయవలెను.

8. ఖర్చు లేని సహాయము

స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టముచే లభించును. ఇతరులకు ఆదాయపు పరిమితి కలదు. 15100 అను ఫోను నంబరునకు చెప్పినను దారి చూపుదురు. లోక్ అదాలతులో ఉభయులు రాజీపడి పొందిన అవార్డు కోర్టు డిక్రీతో సమానము; దానిపై అప్పీలు లేదు. అందుచే అక్కడ కూడ తొందరపడి తల యూపక, షరతులు వ్రాసినది చదివించుకొని ఒప్పుకొనుడు. కచ్చేరీలోని లెక్కల నకలు కావలెనన్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడిగినచో 30 దినములలో సమాధాన మీయవలెను.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో, వాక్యము చివరి చుక్క వఱకు చదివినగాని అర్థము చెప్పనిచ్చెడివారు కారు. ఆ శిక్ష యిప్పుడు మాకు ఉపకారముగా తోచుచున్నది. చదువురానివారు చదివిన బిడ్డచేత, లేనిచో సంఘపు గుమాస్తాచేత, పత్రమును తుదివఱకు చదివించుకొనుడు. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు.

ఆ వృద్ధుని సంచిని మేము మరల వెళ్ళి సర్దితిమి. దస్తావేజు లొకచోట, రెవిన్యూ లెక్క లొకచోట, అప్పుల కాగితము లొకచోట కట్టలు గట్టి, ప్రతి దానికిని నకలు తీయించితిమి. తెల్లకాగితపు క్రయము సంగతి న్యాయసహాయ సంస్థలో విచారించుటకు ఆయన కుమార్తె బయలుదేరినది. మీరును ఈ మాసములో ఒక సాయంత్రము మీ యింటి సంచి విప్పి చూడుడు. తగవు వచ్చిన పిదప విప్పుటకంటె, తీరిక యున్నప్పుడు విప్పుట మేలు.