పక్క గది మాట పక్క గదిలోనే ఉండాలి

జ్వరానికి మాత్ర ఉంది, నొప్పికి సూది ఉంది. నిద్రకు మాత్రం నిశ్శబ్దమే మొదటి మందు. ఆపరేషన్ అయిన వ్యక్తికి, కాన్పయిన తల్లికి, ఆయాసంతో చేరిన పెద్దాయనకు రాత్రిపూట ఎడతెగని నిద్ర దొరికితేనే బలం త్వరగా తిరిగి వస్తుంది. మాటిమాటికీ మెలకువ వస్తే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. పెద్ద వయసు వారిలో మతి తికమక కూడా కలుగుతుంది.

ఈ సంగతి కొత్తది కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ పుస్తకంలో శబ్దం గురించే ఒక అధ్యాయం ఉంది. తలుపు బయట నిలబడి గుసగుసలాడడం రోగిని ఎంతో బాధపెడుతుందని ఆమె అందులో హెచ్చరించారు. సగం వినపడిన మాట తన గురించేనేమో అని రోగి చెవులు రిక్కించి వింటాడు కదా!

ఎంత శబ్దం ఉండవచ్చు?

ఆసుపత్రి వార్డులో రాత్రిపూట సగటున 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అది గుసగుసకు దగ్గర. మామూలు సంభాషణ 60 దాకా ఉంటుంది. పసిబిడ్డల ప్రత్యేక విభాగంలో 45 దాటితే ఆలోచించవలసిందే అని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1997లో తెలిపింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా గుర్తించే ఏర్పాటు ఉంది. అక్కడి పరిమితి పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్.

పెద్దపల్లి వాళ్ళకు చప్పుడు అలవాటే. కాజీపేట - బల్హార్షా లైను మీద రాత్రంతా రైళ్ళు నడుస్తాయి. రాజీవ్ రహదారి మీద లారీల హారన్లు ఆగవు. బయటి నుండి వచ్చే ఈ శబ్దం ఎక్కువగా కిటికీల గుండా వస్తుంది. లోపలి శబ్దం మాత్రం గదుల మధ్య గోడల గుండా వస్తుంది. ఈ నెల దాని గురించే చెప్పుకుందాం.

డోలు లాంటి గోడ

పాత మిషన్ కట్టడాలలో గోడలు మందంగా ఉంటాయి. బరువైన గోడను శబ్దం సులభంగా కదిలించలేదు. ఇప్పుడు ఒక పెద్ద హాలును రెండు మూడు గదులు చేయాలంటే నిలువుగా చెక్క లేక ఇనుప ఫ్రేములు నిలబెట్టి, రెండు వైపులా ప్లైవుడ్ గాని జిప్సం బోర్డు గాని బిగిస్తున్నారు. ఆసుపత్రులలోనే కాదు, దుకాణాలలో, ట్యూషన్ గదులలో, మేడ మీద అద్దెకిచ్చే వాటాలలో కూడా ఇదే పద్ధతి. పని త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. కాని రెండు పలకలు, మధ్యలో ఖాళీ గాలి అంటే అది డోలే. ఒక వైపు మాట్లాడితే ఆ పలక అదురుతుంది, లోపలి గాలి అదురుతుంది, అవతలి పలక కూడా అదిరి మాటను అందిస్తుంది.

ఇలాంటి గది పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ మాతో, “సిస్టరమ్మా, లోపల డాక్టరు సారు చెప్పేదంతా మాకు ఇనవడ్తుంది. రేపు నా ముచ్చట గూడ గిట్లనే అందరు ఇంటరు గద?” అన్నది. ఆమె భయం న్యాయమైనది. క్షయ, గర్భస్రావం, మద్యపానం, మానసిక వ్యాధి వంటివి నలుగురికీ తెలుస్తాయనుకుంటే మనిషి నిజం చెప్పడు. నిజం చెప్పకపోతే సరైన వైద్యం అందదు. హెచ్ఐవి ఉన్నవారి సంగతి గోప్యంగా ఉంచాలని 2017లో చట్టమే వచ్చింది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. ఫైలుకు తాళం వేసి, గోడ గుండా మాటను పోనిస్తే ఆ గోప్యతకు అర్థం ఏముంది?

మధ్యలో ఏమి నింపాలి?

రెండు పలకల మధ్య ఖాళీలో రాక్‌వూల్ గాని గ్లాస్‌వూల్ గాని నింపాలి. కరిగించిన రాయి లేక గాజు నుండి తీసిన సన్నని పోగులతో చేసిన పరుపులాంటిది ఇది. శబ్దం ఆ పోగుల మధ్య దూరినప్పుడు గాలి రాపిడికి దాని శక్తి తగ్గి, కొద్దిపాటి వేడిగా మారిపోతుంది. పలుచని ఇనుప ఫ్రేము గోడకు దీనివల్ల సుమారు 5 డెసిబెల్స్ లాభం ఉంటుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు తోస్తుంది. కాబట్టి వూల్‌తో పాటు ఒక్కో వైపు రెండు పొరల బోర్డు వేస్తే ఫలితం బాగా తెలుస్తుంది.

పని చేయించేవారు ఈ విషయాలు గమనించండి:

1. ఫ్రేముల మధ్య దూరానికి సరిపోయేలా వూల్‌ను కోయాలి. సందులు ఉండకూడదు, కుక్కి నలపకూడదు. జారిపోకుండా నిలబడాలి.

2. గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోకుండా పైన స్లాబు దాకా వెళ్ళాలి. లేకుంటే మాట పైనుండి దాటి వస్తుంది.

3. నేల, స్లాబు, పక్క గోడల దగ్గర సందులను సీలెంటుతో మూయాలి. గాలి దూరే చోట శబ్దమూ దూరుతుంది.

4. స్విచ్ బోర్డులను రెండు వైపులా ఒకే చోట వీపుకు వీపుగా పెట్టకూడదు.

5. తలుపు కింద సందు ఉంటే ఎంత మంచి గోడైనా వ్యర్థమే. దానికి రబ్బరు పట్టీ వేయించండి.

6. ఫ్రేము చెక్కదైతే ముందుగా చెదల మందు పట్టించాలి. బాత్‌రూం వైపు తేమ ఉంటే ముందు ఆ లీకేజీ బాగుచేయించాలి. తడిసిన వూల్ పనిచేయదు, బూజుకు చోటిస్తుంది.

డబ్బు ఆదా అని థర్మోకోల్, ఫోమ్ ముక్కలు నింపకండి. థర్మోకోల్ శబ్దాన్ని పీల్చదు. రెండూ నిప్పంటుకుంటే త్వరగా కాలి విషపు పొగ వదులుతాయి. రాక్‌వూల్ కాలదు.

పనివారి ఆరోగ్యం

వూల్ పోగులు చర్మానికి దురద, కళ్ళకు మంట, గొంతుకు గరగర కలిగిస్తాయి. మేస్త్రీలు పూర్తి చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కు వాడాలి. పని అయ్యాక చల్లటి నీళ్ళతో కడుక్కుని, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. రోగులను ఆ పక్క గదుల నుండి ముందే మార్చాలి.

దీనివల్ల క్యాన్సర్ వస్తుందా అని కొందరు అడుగుతారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో సమీక్షించి, కట్టడాలలో వాడే ఈ వూల్‌ను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చలేదు. ఆస్‌బెస్టాస్ వేరు. అది నిశ్చయంగా క్యాన్సర్ కారకం. పాత సిమెంటు రేకులను గదుల మధ్య అడ్డంగా పెట్టడానికి కోయడం, రంధ్రాలు చేయడం మానండి.

ఈరోజే చేయగలిగినది

గోడ కట్టించడానికి కమిటీ, డబ్బు, సమయం కావాలి. ఈలోగా వార్డులో సెల్‌ఫోను రింగు తగ్గించండి. తలుపును చేత్తో పట్టుకుని మూయండి. కుర్చీని లాగకుండా ఎత్తి జరపండి. రోగి పరిస్థితి గురించి వరండాలో మాట్లాడకండి. మన కూడికల మైకు శబ్దం కూడా పక్కింటి రోగికి శబ్దమే అని మరువవద్దు.

బదరీ చెట్టు కింద సొమ్మసిల్లిన ఏలీయాకు దేవుడు ముందుగా ఇచ్చినవి నిద్ర, రొట్టె, నీళ్ళు. ఆ తరువాతే ప్రయాణం గురించి చెప్పాడు. మన మధ్య పడుకున్న రోగికి రొట్టె, నీళ్ళు మీరు తెస్తున్నారు. నిద్రను కూడా మనమందరం కలిసి ఇద్దాం.

- నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున