క్యారియర్ మోతకు మెలిక మందు

పైన లగేజీ క్యారియర్ బిగించిన కారు ఊళ్లో తిరిగినంతసేపూ మామూలుగానే ఉంటుంది. హైవే ఎక్కి వేగం అందుకోగానే నెత్తిమీద గుయ్‌మని మోత మొదలవుతుంది. నట్లు వదులయ్యాయేమోనని బిగిస్తారు. అయినా తగ్గదు. అక్కడ మోగేది ఇనుము కాదు, గాలి.

ఈ సంగతి కార్లు పుట్టకముందే తేలింది. చెక్ భౌతిక శాస్త్రవేత్త స్ట్రౌహల్ ఒక చట్రానికి తీగ కట్టి, ఆ చట్రాన్ని గిరగిరా తిప్పి, పుట్టిన స్వరాన్ని కొలిచాడు. 1878లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తీగ బిగువుతో గానీ పొడవుతో గానీ స్వరానికి పనిలేదు. తీగ మందం, అది గాలిని కోసే వేగం, ఈ రెండే లెక్క. వేగాన్ని మందంతో భాగించి, దాదాపు 0.2తో హెచ్చవేస్తే సెకనుకు ఎన్ని కంపనాలో వస్తుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 30 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీకి సుమారు 167 కంపనాలు: బొంగురు మోత. 3 మిల్లీమీటర్ల యాంటెన్నాకు దానికి పదింతలు: సన్నని ఈల.

గాలి రాపిడే కారణమని స్ట్రౌహల్ అనుకున్నాడు. అసలు కారణం సుడులు. కడ్డీని దాటిన గాలి వెనక సాఫీగా కలవదు. ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి వంతులవారీగా సుడి చుట్టుకుని విడిపోతుంది. జర్మనీలోని గోటింగెన్‌లో హీమెంజ్ అనే పరిశోధక విద్యార్థి నీటి ప్రవాహంలో స్తంభం నిలబెట్టి, ప్రవాహాన్ని నిలకడగా ఉంచాలని నానా తంటాలు పడ్డాడు. స్తంభాన్ని ఎంత నున్నగా చేసినా నీళ్లు ఊగుతూనే ఉన్నాయి. లోపం అతని పనిలో లేదని, ఆ ఊపే ప్రవాహ స్వభావమని 1911 ప్రాంతంలో శాస్త్రవేత్త వాన్ కార్మన్ గణితంతో చూపాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

స్వభావాన్ని మాన్పలేం, చెదరగొట్టగలం. సుడులకు పొడవాటి ఉక్కు చిమ్నీలు కూడా ఊగిపోయేవి. 1957లో బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో స్క్రూటన్, వాల్ష్ చిమ్నీకి మూడు పట్టీలను మెలికగా చుట్టే ఉపాయం చెప్పారు. పట్టీ ఎత్తు చిమ్నీ వ్యాసంలో పదో వంతు చాలు. అప్పుడు ఒక్కో ఎత్తులో సుడి ఒక్కో క్షణాన విడిపోతుంది. సభంతా లయగా కొట్టే చప్పట్లు ఎవరికివారు కొడితే లయ తప్పినట్టే, సుడుల తోపులన్నీ కలిసి రావు.

క్యారియర్ కడ్డీకి తాడును ఎడంగా, మెలికలుగా చుట్టి, కొసలు గట్టిగా ముడివేస్తే మోత తగ్గడం ఈ సూత్రం వల్లే. చాలా కార్ల యాంటెన్నాల మీద మెలికగా కనిపించే గట్టు కూడా అందుకే. చిమ్నీకి గాలి ఏ దిక్కునుంచైనా వస్తుంది గనక మెలిక తప్పదు. కారుకు ఎక్కువగా ఎదురుగాలే. కాబట్టి గుండ్రటి, నలుచదరపు కడ్డీల బదులు విమానం రెక్క ఆకారంలో చేసినవి ఇంకా మేలు. వాటి వెనక గాలి నెమ్మదిగా కలుస్తుంది, పెద్ద సుడి పుట్టదు.

తాడు చుట్టినా ఈల ఆగకపోతే కడ్డీ కొసలు చూడాలి. మూత ఊడిన గొట్టం, రబ్బరు పట్టీ పోయిన గాడి గాలికి పిల్లనగ్రోవిలా పలుకుతాయి, మూసేస్తే సరి. సామాను కట్టే వెడల్పాటి బెల్టు దడదడలాడుతుంటే, విప్పి, ఒకటి రెండు మెలికలు తిప్పి మళ్లీ కట్టాలి.