ఒక్క నిమిషంలో వ్యాకరణం వస్తుందా?

"నిన్న అతన్ని చూశాను" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మనలో చాలామంది "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" అంటారు. ఇది తప్పు. "ఐ సా హిమ్ ఎస్టర్‌డే" అనాలి. తెలుగులో "చూశాను" అనే ఒక్క క్రియ రెండు చోట్లా సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కాదు. నిన్న, పోయిన ఏడు అంటూ గడిచిపోయిన సమయాన్ని చెప్పినప్పుడు ఇక్కడ "హావ్" రాకూడదు.

ఇలాంటి నియమాలను నిమిషంలో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎన్నో ఉన్నాయి. చూడగానే "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. మరి వారం తరువాత అదే వాక్యం చెప్పబోతే మళ్ళీ "హావ్" ఎందుకు వస్తుంది?

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నదీ తనమీద తానే పరీక్షించుకున్నాడు. 1885లో ఫలితాలు ప్రకటించాడు. మరపు మొదటి గంటలోనే వేగంగా సాగి, ఆ తరువాత నెమ్మదిస్తుందని తేలింది.

అయితే మరపును ఎదుర్కొనేదెలా? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం జరిపారు. విద్యార్థులచేత ఒక పాఠాన్ని రెండోసారి చదివించారు. మరొక పాఠాన్ని ఒక్కసారే చదివించి, గుర్తున్నదంతా చూడకుండా రాయించారు. అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో రెండుసార్లు చదివిన పాఠమే బాగా గుర్తుంది. వారం తరువాత ఫలితం తారుమారైంది! చదివిన పాఠంలో 42 శాతం, చూడకుండా రాసిన పాఠంలో 56 శాతం గుర్తుంది.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? పోల్చుకోవడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. దారిలో ఎదురైన మనిషి ముఖం తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం తట్టదు. చూసి వదిలేసిన వీడియో కూడా అంతే. వేలితో తోయగానే ఇంకొకటి వచ్చేస్తుంది. గుర్తు తెచ్చుకునే పని మెదడుకు తగలనే తగలదు.

మీరూ పరీక్షించి చూడండి. రెండు కొత్త నియమాలు చెప్పే రెండు వీడియోలు ఎంచుకోండి. మొదటిదాన్ని మూడుసార్లు చూడండి. రెండోదాన్ని ఒక్కసారే చూసి, ఫోను బోర్లించి, ఆ నియమంతో సొంతంగా మూడు వాక్యాలు రాయండి. మరునాడు చూడకుండానే మరో మూడు రాసి, ఆ తరువాత సరిచూసుకోండి. వారం గడిచాక రెండు నియమాలతోనూ అయిదేసి వాక్యాలు రాసి, మీ ఇంగ్లీషు మాస్టారుచేత దిద్దించుకోండి. ఏ నియమం నిలిచిందో మీకే తెలుస్తుంది.