గోధుమరంగు బూట్లు

లండన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల నియామకాలపై బ్రిటన్ సోషల్ మొబిలిటీ కమిషన్ 2016లో వెలువరించిన నివేదికలో ఓ చిత్రమైన సంగతి ఉంది. సూటు మీద గోధుమరంగు బూట్లు తొడుక్కొచ్చిన అభ్యర్థి అంటే కొందరు మేనేజర్లకు చిన్నచూపట! నల్లబూట్లే వేసుకోవాలన్న ఆ రాయని రూలు ఉన్నవాళ్ల పిల్లలకు ఇంట్లోనే తెలిసిపోతుంది. సర్కారు బడిలో చదివిన కుర్రాడికి చెప్పేదెవరు? అందుకే కంపెనీలు కాలేజీలు తిరిగి కరపత్రాలు పంచితే చాలదు, ఎంపిక పద్ధతే మారాలి. 2015లో అకౌంటింగ్ సంస్థ పీడబ్ల్యూసీ బ్రిటన్‌లో చాలా ఉద్యోగాలకు ప్లస్‌టూ స్థాయి మార్కుల షరతు ఎత్తేసి, సొంత పరీక్షల మీద ఆధారపడింది.

ప్రమాణాలు పడిపోవా అని అడుగుతారు. మార్కులైనా అందరికీ ఒకటే కొలమానం కదా అన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆ మార్కుల వెనుక ట్యూషన్ల ఖర్చూ ఉంది. బ్యాలెన్స్ షీటులో తప్పును పట్టుకోగలగడానికీ బూట్ల రంగుకూ సంబంధమేమిటో మాత్రం ఎవరూ చెప్పలేరు. పరిచయస్తుల పిల్లలకు గుట్టుగా దక్కే ఇంటర్న్‌షిప్‌లనూ బహిరంగ ప్రకటనతోనే భర్తీ చేయాలి.