తిరుపతి పరిసరములను చూచుటయు, ఛాయాచిత్రములు తీయుటయు

వేసవి సెలవులలోను, సంక్రాంతి సెలవులలోను తిరుపతికి వచ్చు కుటుంబములకు లెక్కలేదు. తిరుమలలో దర్శనము చేసికొనిన పిదప పలువురు ఒకటి రెండు దినములు నిలిచి చంద్రగిరి కోటను, శ్రీకాళహస్తిని, తలకోన జలపాతమును, 1987లో నెలకొల్పబడిన జంతు ప్రదర్శనశాలను చూచి పోవుదురు. చిత్తూరు, తిరుపతి జిల్లాల వారికి ఇవి దూరపు స్థలములు కావు. ఇప్పుడు ఇంచుమించు ప్రతి పెద్దవారి చేతను ఫోనును, ఆ ఫోనులో కెమెరాయు ఉండుటచేత, ఒక కుటుంబము ఒక పగటిలోనే రెండు మూడు వందల ఛాయాచిత్రములు తీయుట వింత కాదు. అయితే ఆరు నెలలు గడచిన పిమ్మట ఆ చిత్రములలో నొకదానిని చూపి, "ఇది యే మండపము? ఏ దినమున తీసినది? ప్రక్కనున్న కొండ పేరేమి?" అని యడిగినచో ఉత్తరము చెప్పగలవారు మిక్కిలి అరుదు.

చిత్రము తీయుట సులభమైనది. చూచుట సులభము కాలేదు. ఈ రెంటిని కలిపి చేయు విధమును మన ప్రాంతపు స్థలములనే ఉదాహరణములుగా గైకొని యిచ్చట వివరింపదలచితిమి.

ఇది వట్టి వినోదమునకు సంబంధించిన మాట కాదనుటకు శ్రీకాళహస్తి గోపురమే సాక్ష్యము. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గాలిగోపురము దాదాపు ఐదు వందల యేండ్లు నిలిచియుండెను. దానియందు పగుళ్లు ఏర్పడి, కొంతకాలము జనులను కలవరపెట్టి, తుదకు 2010వ సంవత్సరము మే 26వ తేదీ రాత్రివేళ అది కూలిపోయెను. ఆ స్థలముననే క్రొత్త గోపురమును నిర్మించి 2017 జనవరిలో కుంభాభిషేకము చేసిరి. నేడు అచ్చటికి పోవు బాలురు చూచుచున్నది క్రొత్త గోపురము. పాత గోపురమును చూడవలెనన్నచో ఛాయాచిత్రములే శరణ్యము. 2010కి ముందు ఆ గోపురము నెదుట నిలువబడి చిత్రము తీయించుకొనిన సామాన్య కుటుంబములు తమకు తెలియకయే చరిత్రకు సాధనములను దాచి యుంచినవి. అట్టి చిత్రము వెనుక తేదీ వ్రాసియున్నచో, పగులు ఏ యేటికి ఎంతవరకు ప్రాకినదో కూడ దానివలన తెలిసికొనవచ్చును. తేదీ లేనిచో అది ఒక ముచ్చటగా మాత్రమే మిగులును.

ఛాయాచిత్రమునకు ఇట్టి ప్రయోజన ముండునని దక్షిణదేశమున తొలినాళ్లలోనే కొందరు గ్రహించిరి. మద్రాసులో 1856లోనే ఛాయాచిత్ర సంఘ మొకటి స్థాపింపబడెను. ఇంచుమించు ఆ కాలముననే లిన్నేయస్ ట్రైపు అను సైనికోద్యోగి మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడై దేవాలయములను, కోటలను చిత్రించెను. తంజావూరు బృహదీశ్వరాలయము అడుగుభాగమున చెక్కియున్న శాసనములను ఆయన 1858లో ముక్కలు ముక్కలుగా తీసి, ఆ చిత్రములను వరుసగా జోడించి, సుమారు 19 అడుగుల పొడవుగల పటముగా కూర్చెను. అది అందముకొరకు తీసినది కాదు. అక్షరములను నిలుపుటకు తీసినది. తరువాత హైదరాబాదులో ఆరవ నిజాము కొలువున ప్రసిద్ధికెక్కిన రాజా లాలా దీనదయాళు కూడ పురాతన కట్టడముల చిత్రములను పెక్కింటిని మనకు మిగిల్చిపోయెను. వారు బరువైన పెట్టెలను, గాజు పలకలను లేక మైనము పట్టించిన కాగితములను మోసికొని పోవలసివచ్చెడిది. ఒక్కొక్క చిత్రమునకు కష్ట మధికము కావున, ముందుగా ఆ స్థలమును చుట్టివచ్చి, ఎచ్చట నిలువవలెనో నిశ్చయించుకొని, ఆ తరువాతనే కెమెరాను నిలుపుచుండిరి. మనకు కష్టము తగ్గినది గాని ఆ క్రమము నేటికిని మంచిదే.

ఇక ఛాయాచిత్రమునకు మూలమేమో కొంచెము తెలిసికొందము. వస్తువుపై పడిన వెలుతురు తిరిగి కెమెరా కటకము గుండ లోపలికి ప్రవేశించి అచ్చట బింబముగా ఏర్పడును. పూర్వము ఆ బింబమును వెండి లవణములు పూసిన ఫలకము గ్రహించుచుండెను. నేడు ఫోనులోని చిన్న పలుక గ్రహించుచున్నది. సాధన మేదైనను పని చేయునది వెలుతురే. మిట్టమధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తి మీద నుండుటచేత చూరుల క్రింద, కనుబొమల క్రింద నల్లని నీడలు పడును. గోడమీది శిల్పములు చదునుగా కనబడును. ఉదయమున సూర్యోదయమైన రెండు గంటలలోపల, సాయంకాలమున సూర్యాస్తమయమునకు ముందు రెండు గంటలలోను వెలుతురు ప్రక్కనుండి పడును. అప్పుడు చెక్కడములోని ప్రతి గీతకును ఒక సన్నని నీడ యేర్పడి శిల్పము తేలి కనబడును. మన ఎండల కిది మరింత ముఖ్యము. వేసవిలో దుమ్మువలన దూరపు కొండలు మసకబారును. ఈశాన్య ఋతుపవనముల వానలు కురిసి వెలిసిన నాటి ఉదయమున అవే కొండలు కడిగినట్లు స్పష్టముగా నుండును.

తిరుపతికి పడమరగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రగిరి కోట ఈ పాఠమును నేర్చికొనుటకు తగిన చోటు. విజయనగర రాజులు తమ తుది దశలో చంద్రగిరిని రాజధానులలో నొకటిగా చేసికొనిరి. ఆ వంశమునకు లోబడిన దామెర్ల నాయకుని యొద్దనే 1639లో ఇంగ్లీషు వర్తకులు సముద్రతీరమున కొంత నేలను సంపాదించి కోట కట్టుకొనిరి. మద్రాసు నగరము అట్లు పుట్టినది. ఇచ్చటి రాజమహలు మూడంతస్తులది, రాణీమహలు రెండంతస్తులది. రాతితోను, ఇటుకతోను, సున్నముతోను కట్టిన రాజమహలులో కొయ్యను వాడలేదు. ఈ ఒక్క మాట తెలిసికొని లోపలికి పోయినవాడు పైకప్పును చూచు తీరే వేరుగా నుండును. దూలములు లేకుండ కప్పు ఎట్లు నిలిచినదని కమానులను వెదకును. వెదకినవాని చిత్రములో కమాను కనబడును. వెదకనివాని చిత్రములో తన ముఖము మాత్రమే కనబడును.

అచ్చట చేయవలసిన క్రమమిది. మొదట సూర్యుని బట్టి దిక్కులు తెలిసికొని, మహలు ముఖముపై ఎండ ఏ వేళ పడునో గమనింపవలెను. పిదప దూరమున నిలిచి, వెనుకనున్న రాతికొండతో కూడ కట్టడమంతయు వచ్చునట్లు ఒక చిత్రము తీయవలెను. దగ్గరకు పోయి ద్వారమునో కమానునో ఒకటి, మరింత దగ్గరగా సున్నపు పనిని ఒకటి తీయవలెను. దూరము, నడిమి, దగ్గర అను ఈ మూడు చిత్రములు ముప్పది చిత్రముల పని చేయును. ఎత్తైన కట్టడమును దాని మొదటనే నిలిచి కెమెరాను పైకెత్తి తీసినచో గోడలు వెనుకకు వాలినట్లు కనబడును. వెనుకకు నడచి, కెమెరాను నిటారుగా పట్టుకొనుటయే దానికి మందు. మహలులోని ప్రదర్శనశాలయందు మాత్రము గోడమీది ప్రకటనను చదివి, అనుమతి యున్నచోటనే చిత్రములు తీయవలెను.

తిరుమల కొండయెక్కుటకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో ఏర్పడెను. అంతకుముందు యాత్రికులు మెట్లదారిని నడచియో, డోలీలలోనో పోవుచుండిరి. నేడు ఘాట్ రోడ్డుమీద పోవువారిలో పెక్కుమంది ప్రక్కనున్న రాతిని చూడక దాటిపోవుదురు. ఆ రాతిలో క్రింద నున్నది మిక్కిలి ప్రాచీనమైన గ్రానైటు జాతి శిల. దానిమీద పొరలు పొరలుగా పేర్చినట్లున్నది తరువాతి కాలపు క్వార్ట్‌జైటు. ఈ రెంటి నడుమ కోట్లకొలది సంవత్సరముల కాలము ఏ గుర్తును మిగుల్చక పోయినది. ఆ రెండు శిలలు కలియు గీతను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. కొండమీది శిలాతోరణము కూడ అట్టిదే. మానవుని చేయి సోకకుండ గాలియు నీరును తొలిచిన ఆ రాతి వంపు సుమారు 8 మీటర్ల వెడల్పును, 3 మీటర్ల ఎత్తును కలిగి యున్నది. దాని ఫోటోను చూచువారికి అది అరచేతి యంతదో, ఇంటి యంతదో తెలియదు. కంచెకు ఇవతల ఒక మనిషిని నిలిపి తీసినచో పరిమాణము కొంత తెలియును. అందుకొరకు కంచె దాటుట తగదు.

తిరుమల ఆలయములోనికి ఫోనులను, కెమెరాలను కొనిపోనీయరు. వాటిని వెలుపల అప్పగించి పోవలెను. మన పాఠశాలలో నానా మతముల పిల్లలు చదువుచున్నారు. ఎవరి పూజాస్థలమునకు పోయినను, ఆ యింటివారి నియమమును మనసార పాటించుట మర్యాద. చిత్రము తీయరాని చోట కన్నులతో శ్రద్ధగా చూచి, బయటికి వచ్చిన వెంటనే చూచినదానిని నాలుగు వాక్యములలో వ్రాసికొనవచ్చును. ఆ వ్రాత యొక్కొక్కప్పుడు చిత్రముకంటె ఎక్కువ చెప్పును.

జలపాతముల విషయము వేరు. కొండ పాదమున నున్న కపిలతీర్థమున వానకాలమందు నీరు ధారగా దుముకును. శ్రీవేంకటేశ్వర జాతీయవనములోని తలకోన జలపాతము సుమారు 270 అడుగుల ఎత్తునుండి పడును. పారు నీటిని సెకనులో ఐదువందలవ వంతు కాలములో చిత్రించినచో ప్రతి చుక్కయు గాలిలో నిలిచిపోయినట్లుండును. అర సెకను కాలము కటకమును తెరచి యుంచినచో నీరంతయు తెల్లని వస్త్రమువలె కనబడును. రెండును సత్యమే, కాలము మాత్రము వేరు. రెండవదానికి కెమెరా కదలకూడదు గనుక రాతిపైననో, ముక్కాలిపీటపైననో నిలుపవలెను. అయితే పాచి పట్టిన బండపై నిలిచి, వీపు నీటివైపు త్రిప్పి, చేయి చాచి తన చిత్రము తాను తీసికొనబోవుట ప్రాణాపాయకరము. తలిదండ్రులు ఈ విషయమున పిల్లలను మందలించుటకు సంకోచింపరాదు; తామును అట్లు చేయరాదు.

శ్రీకాళహస్తిలో మరియొక విధమైన చిత్రణమునకు అవకాశము కలదు. అచ్చటి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ రసమునందును పాలయందును తడిపి ఆరవేసి, వెదురు కలముతో బొమ్మ గీయుదురు. ఇనుము, బెల్లము నీటిలో నానబెట్టి చేసిన ద్రవముతో నల్లని గీతలు వ్రాయుదురు. ఎఱుపు కావలసిన చోట పటిక నీరు పూసి, రంగు చెక్కలతో గుడ్డను ఉడికింతురు. పటిక పట్టినచోట మాత్రమే ఎఱుపు నిలుచును. నడుమ నడుమ పారు నీటిలో ఉతుకుదురు. పూర్తియైన గుడ్డను ఒక్కదానినే చిత్రించినచో ఇదేమియు తెలియదు. తెల్లగుడ్డ మొదలు తుది ఉతుకు వరకు ఐదారు చిత్రములు వరుసగా తీసినచో, చూచువానికి ఆ పని ఒక పాఠమువలె బోధపడును.

కాని అందుకు ముందు పనివాని అనుమతి కోరవలెను. "అయ్యా, మీ పనిని ఫోటో తీసికొనవచ్చునా?" అని యడుగుటకు క్షణము పట్టదు. ఆయన కాదనినచో నమస్కరించి మానుకొనవలెను. ఈ నియమము మెట్లదారిలో అలసి కూర్చున్న వృద్ధురాలికిని, గుండు చేయించుకొనిన పసిబిడ్డకును, సత్రము వాకిట నిద్రించు బీదవానికిని సమానముగా వర్తించును. వారు చూడదగిన వస్తువులు కారు. మనవలె ప్రయాణము చేయుచున్నవారు. తన నిద్రను పరులు చిత్రించి పదిమందికి పంచుట మనలో నెవరికి ఇష్టము?

ఇంటికి చేరినపిదప మిగిలిన పని కొంచెమే గాని అదియే ముఖ్యము. రెండు వందల చిత్రములలో ఇరువదింటిని ఏరి, తక్కినవానిని తొలగింపవలెను. ఏరిన ప్రతిదానికి స్థలము, తేదీ, ఏ దిక్కునుండి తీసినది, ఎవరు తీసినది, అందున్నవారి పేరులు అను ఐదు సంగతులు వ్రాయవలెను. ఫోను తేదీని తానే గుర్తుంచుకొనును గాని, చిత్రమును ఒకరినుండి ఒకరికి పంపునప్పుడు ఆ గుర్తు పోవుట కద్దు. ఫోను నీటబడినచో చిత్రములన్నియు ఒక్కసారిగా పోవును. కావున మంచివానిని మరియొక చోట కూడ దాచి, నాలుగైదింటిని కాగితముపై అచ్చొత్తించుట మేలు.

మన విద్యార్థులకు ఒక పని సూచించుచున్నాము. మీ యిండ్లలోని పాత ఆల్బములను తెరచి, 2010కి ముందు శ్రీకాళహస్తిలో తీసిన చిత్రము లేమైన నున్నవేమో వెదకుడు. వెనుక గోపురము కనబడినచో, ఆ చిత్రములో నున్నవారెవరో, ఏ యేట ఏ శుభకార్యమునకు పోయిరో మీ అవ్వతాతల నడిగి, పటము వెనుక మెత్తని పెన్సిలుతో అదిమి పెట్టక వ్రాయుడు. సిరా వాడకుడు; అది ముందువైపునకు దిగి బొమ్మను చెరచును. ఈ పనిని రేపటికి వాయిదా వేయవలదు. పటము పెట్టెలో నిలిచియుండును గాని, దానిలోని పేరులు తెలిసినవారు ఎల్లకాలము మన నడుమ నుండరు.