తెలుగు అచ్చునకు క్రొత్త ఖతులు

భాష నేర్చుటకు చెవి యెంత ముఖ్యమో కన్నును అంతే ముఖ్యము. తెలుగునాట పుట్టిన బాలునకు బడికి పోకమునుపే అక్షరములు కంటబడుచుండును. బస్సుమీద తెలుగు, అంగడి పలకమీద తెలుగు, గోడమీది ప్రకటనయు తెలుగే. ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమునకు పోయినప్పుడు ఈ భేదము నాకు స్పష్టముగా తెలిసినది. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని మన బిడ్డలు ఇంట తెలుగు మాటాడుదురు గాని, వీథిలో వారి కన్నులకు దొరకునది తమిళలిపి. తెలుగు అక్షరము వారికి కనబడునది పాఠ్యపుస్తకమునందు, ప్రశ్నపత్రమునందు, పెండ్లి శుభలేఖయందు, ఇట్టి పత్రికయందు. కావున ఆ కొద్ది పుటలలోని అచ్చు ఎట్లుండవలెనను ప్రశ్న మనకు అలంకార విషయము కాదు, చదువునకు సంబంధించిన విషయము.

ఒక పర్యాయము ఆరవ తరగతి బాలుడొకడు "పాఠశాల" యను మాటను "పారశాల" యని చదివెను. మందలింపబోయి వాని చేతిలోని కాగితమును చూచితిని. అది నకలునకు నకలు తీసిన ప్రతి. "ఠ"లోని చుక్క మాసిపోయి, ఆ యక్షరము అచ్చముగా "ర" వలెనే యున్నది. ఇంటిలో "స్కూలు" అనుటయే గాని "పాఠశాల" యనుట లేదు గనుక, అర్థమునుబట్టి సరిదిద్దుకొనుటకును వానికి వీలు లేకపోయెను. బాలుడు ఉన్నదానిని ఉన్నట్లే చదివెను. మఱునాడు అదే పాఠమును వేఱొక ఖతిలో, కొంచెము పెద్ద అక్షరములతో అచ్చు తీసి యిచ్చితిని. తడబడక చదివెను.

ఖతి యనగా ఒకే పోలికతో తీర్చిన అక్షరముల సముదాయము. దీనినే ఫాంటు అనియు అందురు. పూర్వము ఇది సీసపు దిమ్మెల రూపమున నుండెడిది. తొలి తెలుగు పుస్తకములు అచ్చయినది తెలుగుదేశమున కాదు. జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు 1746-47 సంవత్సరములలో వానిని ముద్రింపించెను. పిమ్మట తెలుగు ముద్రణకు చెన్నపట్టణము పెద్ద నెలవయ్యెను. 1854లో నెలకొన్న వావిళ్లవారి సంస్థ అచ్చటిదే. అచ్చుయంత్రము రాకమునుపే, 18వ శతాబ్ది ఆరంభమున, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీభారతమును తెలుగు వచనముగా రచించినది మన మధుర నాయకరాజుల యేలుబడిలోనే. తెలుగు వ్రాతకును ఈ సీమకును గల చుట్టరికము నిన్న మొన్నటిది కాదు.

సీసపు దినములలో గుణింతములకును వత్తులకును వేఱువేఱు దిమ్మెలు కావలసి యుండెను. ఒక ఖతిని పోతపోయుట వందలకొలది దిమ్మెల పని యగుటచే ముద్రాపకులకు కొద్ది పోలికలే లభించెడివి. కంప్యూటరు వచ్చిన పిదప ఆ కొఱత తీరినది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణముననే తెలుగునకు స్థానము దొరకినది. యూనికోడు అనగా ఒక్కొక్క అక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య నిచ్చు ఏర్పాటు. దాని ననుసరింపని పాత ఖతులతో కూర్చిన వ్యాసమును, ఆ ఖతి లేని డీటీపీ అంగడికి పంపినచో, అది అర్థములేని గుర్తుల గుంపుగా కనబడును. తెలుగు పని అరుదుగా వచ్చు మన ఊళ్లలో ఇది తఱచు కలుగు చిక్కు. ఇందు పేర్కొను ఖతులన్నియు యూనికోడువే గనుక వానితో ఈ బాధ లేదు.

ఖతిని ఎన్నుకొనుటకు ముందు మూడు పరీక్షలు చేయవలెను.

మొదటిది చుక్కల, గీతల పరీక్ష. "కథ" యను మాటను చూడుడు. "థ" నడుమ చుక్కయు, అడుగున గీతయు కలవు. చుక్క మాసినచో అది "కధ" యగును, గీతయు మాసినచో "కద" యగును. "ఫలము"లోని గీత పోయినచో "పలము" మిగులును. అది పండు కాదు, పాతకాలపు తూకము. తమిళలిపిలో ఒత్తక్షరములకు వేఱు గుర్తులు లేవు. ఆ లిపికి అలవడిన కన్ను ఈ చిన్న గీతలను సులభముగా దాటిపోవును. కావున మన బిడ్డల కిచ్చు ఖతిలో ఇవి ప్రస్ఫుటముగా నుండవలెను.

రెండవది వత్తుల పరీక్ష. తమిళమున పొల్లు హల్లుపై "పుళ్ళి" యను చుక్క పెట్టుదురు. తరువాతి హల్లు దాని ప్రక్కననే నిలుచును. తెలుగున అది క్రిందికి దిగును. "రాష్ట్రము" వంటి మాటలో రెండు వత్తులు చేరును. తమిళమునకు సరిపడు యెడముతో తెలుగు వరుసలను కూర్చినచో పై వరుస వత్తులు క్రింది వరుస గుడులను తాకును. వరుసకు వరుసకు నడుమ కొలత అక్షరపు కొలతకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండ చూడవలెను.

మూడవది పోలికల పరీక్ష. ప, వ, ష అనునవియు, మ, య అనునవియు చిన్న అక్షరములలో సైతము వేఱుగా గుర్తుపట్టునట్లుండవలెను.

ఇక ఎన్నదగిన ఖతులను చెప్పెదను.

పుస్తకమునకు టైరో తెలుగు మేలైనది. కెనడాలోని టైరో టైప్‌వర్క్స్ సంస్థకు చెందిన జాన్ హడ్సన్, ఫియోనా రాస్ అనువారు దీనిని తీర్చిరి. 2015లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ఆరంభించిన మూర్తి క్లాసికల్ లైబ్రరీ గ్రంథమాలకై చేసిన అక్షరములు దీనికి మూలము. ఆ మాలలోని తొలి గ్రంథములలో అల్లసాని పెద్దన మనుచరిత్రము ఒకటి. లావు సన్నముల భేదముతో ఇది పాత పుస్తకముల అచ్చును జ్ఞప్తికి తెచ్చును. కాని సన్నని గీతలు నకళ్లలో మాసిపోవచ్చును గనుక ప్రశ్నపత్రములకు దీనిని వాడరాదు.

వార్తలకు, పాఠముల నకళ్లకు మండలి తగినది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితముగా లభించిన ఈ ఖతిని గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించెను. గీతలన్నియు ఇంచుమించు ఒకే లావున నుండుట దీని గుణము. ఆ సంస్థ వెలువరించిన ఖతులలో పెద్దన, తిమ్మన, ధూర్జటి మొదలుగా అష్టదిగ్గజ కవులందఱి పేళ్లును కలవు. వానిలో రామభద్ర లావైనది, గుండ్రని కొనలు గలది. శీర్షికలకు అందముగా నుండును. చిన్న అక్షరములుగా కూర్చినచో లోపలి ఖాళీలు పూడిపోవును.

రెండు భాషల ప్రకటనలకు ముంబయిలోని ఎక్ టైప్ సంస్థవారు 2022లో వెలువరించిన అనేక్ కుటుంబము మనకు మిక్కిలి ఉపయుక్తము. ఇందు తొమ్మిది భారతీయ లిపులును, రోమను లిపియు ఒకే పద్ధతిలో తీర్చబడినవి. అనేక్ తెలుగును అనేక్ తమిళముతో జతపఱచినచో ఒక భాష పెద్దదిగా, ఒకటి చిన్నదిగా తోచదు. అహమ్మదాబాదులోని ఇండియన్ టైప్ ఫౌండ్రీవారి హింద్ కుటుంబమును ఇట్టిదే. అందు తెలుగు ఖతి పేరు హింద్ గుంటూరు, తమిళ ఖతి పేరు హింద్ మదురై. మన ఊరి పేరు ఒక ఖతికి పెట్టబడినదని ఎందఱికి తెలియును?

చిన్నపిల్లల అట్టలకు, గోడపత్రికలకు ఎక్ టైప్ వారిదే బాలూ తమ్ముడు కలదు. బొద్దుగా, ఆటబొమ్మవలె నుండును. దాని తమిళ తోబుట్టువు పేరు బాలూ తంబి. ఫోను తెరలకు గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగు చాలును. అక్షరము దొరకనిచోట కనబడు ఖాళీ చదరములను లేకుండ చేయవలెననునదే నోటో ఖతుల ఉద్దేశము.

ఇవి యన్నియు గూగుల్ ఫాంట్స్ నుండి ఉచితముగా దిగుమతి చేసికొనదగినవి. పుస్తకము అచ్చువేసి అమ్ముకొనుటకును రుసుము లేదు. కావున శుభలేఖ వేయించు తలిదండ్రులు డీటీపీ అంగడిలో "తెలుగు లేదు" అని విని, తమిళముతోనో ఇంగ్లీషుతోనో సరిపెట్టుకొని మరలి రానక్కఱలేదు. ఖతిని చిన్న కర్రవంటి పెన్‌డ్రైవులో తామే తీసికొని పోవచ్చును.

విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక పని చేయుడు. "పాఠశాల, కథ, ధార, ఫలము, రాష్ట్రము, లక్ష్మి" అను ఆరు మాటలను మూడు ఖతులలో అచ్చు తీసి, ఇంటనున్న అవ్వగారికి ఒకమాఱు, చెల్లెలికి ఒకమాఱు చూపుడు. ఎవరు ఏ మాటవద్ద ఆగిరో వ్రాసి తెండు. వారు తడుముకొనక చదివిన ఖతిలోనే వచ్చే సంచికలోని బాలల పుటలను కూర్పింతము.