కాలు తొక్కించుకున్న పెళ్ళికొడుకు

బాలలూ, మీలో చాలామంది "మాయాబజార్" చూసే ఉంటారు. అందులో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి పెళ్ళి జరుగుతుంది, గుర్తున్నదా? పెళ్ళిపీటల మీద శశిరేఖ అతని కాలు తొక్కుతుంది. ఆమె నిజమైన శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. పెళ్ళికొడుకు కెవ్వుమంటాడు. మరుక్షణం ఏమీ జరగనట్టు మీసం సవరించుకోవాలని చూస్తాడు. మళ్ళీ కాలు పడుతుంది!

నేను ఆ సినిమాను మొదటిసారి తాడేపల్లిగూడెంలో చూశాను. అది 1957లో వచ్చింది. నేను చూసేసరికి పుష్కరకాలం దాటిపోయింది. నాకప్పుడు పదేళ్ళు ఉంటాయి. ఉంగుటూరు నుంచి మా నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళాడు. మాది నేల టిక్కెట్టు. హాలు పేరు రేలంగి చిత్రమందిర్.

లక్ష్మణకుమారుడి వేషం వేసినది కూడా రేలంగిగారే అని నాన్న చెప్పాడు. నాకు ఆశ్చర్యం వేసింది. "నాన్నా, ఈ హాలు ఆయనదే గదా? సొంత హాల్లో ఇంతమంది ముందర ఎందుకు కాలు తొక్కించుకుంటాడు?" అని అడిగాను. నాన్న నవ్వి, "కాలు తొక్కించుకునే కట్టాడురా ఈ హాలు," అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

రేలంగి వెంకటరామయ్యగారు 1910లో గోదావరి సీమలో పుట్టి, కాకినాడలో పెరిగారు. ఆ రోజుల్లో కాకినాడలో నాటకాలంటే జనం చెవి కోసుకునేవారు. కుర్రవాడికి చదువుకంటె నాటకాల మీద మనసు ఎక్కువ. (ఈ మాట చెప్పవలసిందే గాని, మీరు దీనిని మీ మాస్టారికి చూపించకండి.) 1935లో ఆయన మొదటిసారి సినిమాలో కనిపించారు. దాని పేరు "శ్రీకృష్ణ తులాభారం."

ఇక సినిమా మీద సినిమా వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు గదూ? అట్లా జరగలేదు. చిత్తజల్లు పుల్లయ్యగారనే పెద్ద దర్శకుడి దగ్గర చేరి, ఆయన చెప్పిన పనల్లా చేశారు. నటులను కుదిర్చిపెట్టడం, కావలసినవి సమకూర్చడం, మధ్యలో ఎప్పుడైనా ఒక చిన్న వేషం. ఇట్లా సంవత్సరాలు గడిచాయి. 1948లో పుల్లయ్యగారి "వింధ్యరాణి"తో జనం కన్ను ఆయన మీద పడింది. మరుసటి సంవత్సరమే "గుణసుందరి కథ," "కీలుగుర్రం" వచ్చాయి. 1948లోంచి 1935 తీసివేసి చూడండి, ఎన్నేళ్ళు వస్తాయో! అన్నేళ్ళూ ఆయన ఇతరుల ముఖాలకు రంగు పూస్తుంటే చూస్తూ నిలబడ్డారు. పేరు వచ్చేసరికి నలభైకి దగ్గరపడ్డారు.

ఆ తరవాత తీరిక లేదు. "పాతాళభైరవి"లో రాణిగారి తమ్ముడు, "మిస్సమ్మ"లో దేవయ్య, "నర్తనశాల"లో ఉత్తరకుమారుడు. మొత్తం మూడువందల సినిమాల దాకా నటించారు. బక్కపలచని రమణారెడ్డిగారి పక్కన బొద్దుగా ఉండే రేలంగిగారు నిలబడితే చాలు, మాట పుట్టకముందే హాలంతా నవ్వేది. అమెరికాలో 1927 నుంచి లారెల్, హార్డీ అనే ఇద్దరు ఇట్లాగే సన్నగా ఒకరు, లావుగా ఒకరు జతకట్టి లోకాన్ని నవ్వించారు. మనవారిద్దరినీ వారితో పోల్చేవారు.

నవ్వించడంలో ఆయన కిటుకు ఒకటి చెబుతాను. లక్ష్మణకుమారుడు తాను తెలివితక్కువవాడినని ఒక్క క్షణం కూడా అనుకోడు. తనంత అందగాడు, తనంత వీరుడు లేడని అనుకుంటాడు. ఉత్తరకుమారుడూ అంతే. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవులను చితకగొడతానంటాడు. తీరా సైన్యం కనిపించేసరికి రథం దిగి పరుగు. ముందర ఆ ప్రగల్భాలను నిజంగా నమ్మి పలికితేనే తరవాతి పరుగుకు నవ్వు వస్తుంది. నటుడు "నేను వెర్రివాణ్ణి, చూడండి" అన్నట్టు ముఖం పెడితే ఎవరూ నవ్వరు. మన లక్ష్మణకుమారుడు భారతంలో ఇట్లాంటివాడు కాడు సుమా! కురుక్షేత్రంలో అభిమన్యుడితో పోరాడి ప్రాణం విడిచిన వీరుడు. సినిమావారు వేరే దారి పట్టించారు. అన్నట్టు, ఘటోత్కచుడుగా నటించిన ఎస్.వి. రంగారావుగారు 1918లో నూజివీడులో పుట్టారు. ఆ ఊరు 2022 నుంచి మన ఏలూరు జిల్లాలోనే ఉన్నది.

1970లో ప్రభుత్వం రేలంగిగారికి పద్మశ్రీ ఇచ్చింది. 1975 నవంబరు 27న ఆయన తాడేపల్లిగూడెంలోనే కన్నుమూశారు.

ఇదంతా నాకు మళ్ళీ ఎందుకు గుర్తుకు వచ్చిందో చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో వార్షికోత్సవానికి శశిరేఖ పెళ్ళి నాటకం వేయదలిచాము. ఏడవ తరగతిలో ఒక లావుపాటి కుర్రవాడు ఉండేవాడు. వాణ్ణి అడగనైనా అడగకుండా లక్ష్మణకుమారుడి పేరు పక్కన వాడి పేరు రాసేశాను. ఆ సాయంత్రానికే పిల్లలు వాణ్ణి "లక్కన్నా, లక్కన్నా" అని పిలవడం మొదలుపెట్టారు. రెండు రోజులు వాడు బడికి రాలేదు.

తప్పు నాదే. మూడవ నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నా వంక చూడలేదు. "నీకు ఇష్టం లేకపోతే ఆ వేషం వద్దురా. ఏది కావాలో నువ్వే చెప్పు," అన్నాను. వాడు పలకలేదు. అప్పుడు నా పదేళ్ళ నాటి సంగతి, నాన్న అన్న మాట, రేలంగిగారు ఎదురుచూసిన ఆ పదమూడేళ్ళ కథ, అన్నీ చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించి, "మరి వాడు నిజంగా అందగాడినే అనుకుంటాడా మాస్టారూ?" అని అడిగాడు.

"అనుకుంటాడు."

"అయితే నాకు మంచి కిరీటం కావాలి. అట్టముక్కది వద్దు," అన్నాడు.

కిరీటం ఏలూరు నుంచి అద్దెకు తెప్పించాము. నాటకం నాడు శశిరేఖ వేషం వేసిన అమ్మాయి ఉత్సాహం కొద్దీ నిజంగానే మడమతో తొక్కేసింది. వాడు కెవ్వున అరిచి, వెంటనే కిరీటం సర్దుకుని, జనం వైపు తిరిగి దర్జాగా చిరునవ్వు నవ్వాడు. పందిరి దద్దరిల్లిపోయింది. తెర దింపాక చూస్తే బొటనవేలి గోరు నల్లబడింది. వాడు కుంటుకుంటూ నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఇది మళ్ళీ ఎప్పుడు వేద్దాం?" అన్నాడు.